గంజాయి తాగితే దొంగలైపోతారా? ఈ వారం మీ ఉత్తరాలు, నా జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా ఒకే సంగతి మీద ఉన్నాయి. కిందటి సంచికలో ఇదే శీర్షికలో "గంజాయి వల్లే క్రైమ్ పెరిగిపోయింది అని టీవీలో చెప్పినంత ఈజీగా రీసెర్చ్‌లో చెప్పలేం" అని ఒక ముక్క రాసి వదిలేశా, దాని మీద తిట్లూ వచ్చాయి, ప్రశ్నలూ వచ్చాయి. తిట్లు పక్కన పెట్టి ప్రశ్నలకి వచ్చేద్దాం.

ప్రశ్న: మేడం, నేను ఎం.ఏ. సోషియాలజీ ఫైనలియర్. డిసర్టేషన్ కోసం "యువతలో డ్రగ్స్ వాడకం, నేరాల మీద దాని ప్రభావం" అని టాపిక్ తీసుకున్న. మా గైడ్ సార్ ఏమో ఎన్‌సీఆర్‌బీ (దేశంల నేరాల లెక్కలు రాసే సర్కారు సంస్థ) డేటా తీస్కొని గ్రాఫులు వెయ్యి, ఒక వంద మందితోని గూగుల్ ఫామ్ నింపిపియ్యి, అయిపోతది అంటున్నరు. నాకు అది సరిపోదనిపిస్తుంది కానీ ఎక్కడ మొదలుపెట్టాల్నో తెలుస్తలేదు.
(వరంగల్)

జవాబు: నీ అనుమానం కరెక్టే తమ్ముడూ. అసలు నీ టాపిక్కే ముందుగా తీర్పు చెప్పేసింది, ఇంక నువ్వు కనుక్కునేది ఏముంది? ఒకే మనిషిలో మత్తు అలవాటూ నేరమూ రెండూ కనిపిస్తే దానికి రకరకాల కారణాలుంటాయి. వాడటం వల్ల నేరం చేసుండొచ్చు. లేదా నేరాలు చేసే బ్యాచ్‌తో తిరుగుతూ వాడటం నేర్చుకునుండొచ్చు. లేదా రెండిటికీ వెనకాల ఇంకోటేదో ఉండొచ్చు, చిన్నప్పుడే బడి మానెయ్యడం, ఇంట్లో రోజూ కొట్లాటలు, చేతిలో పని లేకపోవడం, ఇలాంటివి. ఇంకొకటుంది, దీన్ని మనవాళ్ళు పూర్తిగా మర్చిపోతారు, గంజాయి దగ్గర పెట్టుకోవడమే 1985 నాటి మత్తుమందుల చట్టం, అదే ఎన్‌డీపీఎస్ చట్టం ప్రకారం నేరం కదా, అంటే వాడిన ప్రతివాడూ ఇంకే పాపం చెయ్యకపోయినా నేరస్తుల లెక్కలోకి వచ్చేస్తాడు, అలా లెక్కేస్తే లింకు కనపడక ఎక్కడికి పోతుంది?

అదే 1985లో పాల్ గోల్డ్‌స్టీన్ అని ఒక అమెరికన్ రీసెర్చర్ ఈ చిక్కుముడిని మూడు పోగులుగా విడదీశాడు, ఈరోజుకీ ఈ సబ్జెక్టులో ఎవరు అడుగుపెట్టినా అక్కణ్ణుంచే మొదలుపెడతారు. ఒకటి, మత్తు తలకెక్కి చేసే నేరం, లేదా మత్తు దిగిపోయి ఒళ్ళు లాగేస్తుంటే ఆ చిరాకులో చేసేది. రెండోది, కొనడానికి డబ్బుల్లేక చేసే దొంగతనం, గొలుసు లాక్కోవడం లాంటివి. మూడోది వ్యాపారం తాలూకు నేరం, అంటే ఏరియా కోసం, బాకీ కోసం, నకిలీ సరుకు ఇచ్చాడని, పోలీసులకి చెప్పాడని ఒకళ్ళనొకళ్ళు నరుక్కోవడం, దీనికి వాడకంతో పని లేదు, బీడీ కూడా ముట్టనివాడైనా చెయ్యొచ్చు.

తర్వాత అతనూ అతని టీమూ 1988లో న్యూయార్క్‌లో జరిగిన 414 హత్యల్ని తీసుకుని ఒక్కోటీ ఈ లెక్కన విప్పి చూశారు, అప్పుడు ఆ ఊళ్ళో క్రాక్, అంటే పొగలా పీల్చే కొకైన్ ఉధృతంగా ఉన్న టైమ్. వాటిలో 218 హత్యలకి డ్రగ్స్‌తో ఏదో ఒక సంబంధం ఉందని తేలింది. ఇక్కడిదాకా విని మన చానళ్ళయితే ఎర్రక్షరాల్లో బ్రేకింగ్ వేసేస్తాయి. కానీ ఆ 218లో మత్తులో చంపినవి 31, అందులోనూ ఎక్కువ భాగం మందు తాగి చేసినవే. డోసు డబ్బుల కోసం చంపినవి 8 అంటే 8. మిగిలినవాటిలో కొన్ని రెండుమూడు కారణాలు కలిసినవి, అవి పోగా మిగిలినవన్నీ, అంటే 218లో దాదాపు నాలుగింట మూడొంతులు, వ్యాపార గొడవలే. అంటే క్రాక్ పీల్చి పిచ్చెక్కి చంపుతున్నారు అని అప్పట్లో అమెరికా అంతా అనుకుంటుంటే అసలు చంపుతున్నది మార్కెట్టు.

ఇప్పుడు మీ సార్ చెప్పిన ఎన్‌సీఆర్‌బీ సంగతి. ఆ పుస్తకాలు పనికిరావని నేననను, కానీ అందులో ఏముంటుందో తెలిసి వాడాలి. ఒకే కేసులో నాలుగు నేరాలుంటే వాళ్ళు అన్నిటికంటే పెద్ద శిక్ష పడే నేరం ఒక్కదాన్నే లెక్కలో వేస్తారు, దాన్ని ప్రిన్సిపల్ అఫెన్స్ రూల్ అంటారు. హత్య చేసినవాడి జేబులో గంజాయి పొట్లం దొరికితే టేబుల్లో హత్య మిగులుతుంది, పొట్లం మాయమైపోతుంది. ఇక దొంగతనాల టేబుల్లో ఆ దొంగకి మత్తు అలవాటుందా లేదా అనేది ఎక్కడా ఉండదు. మరి నువ్వు గ్రాఫు దేనితో వేస్తావు? ఒక పక్క ఎన్‌డీపీఎస్ కేసులు, ఇంకో పక్క దొంగతనాలు పెట్టి, రెండు గీతలూ పైకి పోతున్నాయి కాబట్టి లింకుంది అని రాస్తావు, అంతే కదా. చాలా థీసిస్‌లు అలాగే ఉన్నాయి, నేను చూశా.

ఇంకా పెద్ద తిరకాసు ఏంటంటే ఎన్‌డీపీఎస్ కేసుల సంఖ్య ఎంతమంది వాడుతున్నారో చెప్పదు, పోలీసులు ఎంత పట్టుకున్నారో చెప్తుంది. 2022లో దేశం మొత్తం మీద లక్షకి పైగా కేసులు పెడితే ఒక్క కేరళలోనే 26 వేల పైన ఉన్నాయి, అదీ ఎక్కువ శాతం సొంతానికి వాడుకున్న చిన్న కేసులు. మరి దేశంలో అందరికంటే ఎక్కువ వాడేది కేరళవాళ్ళా? ఎయిమ్స్ వాళ్ళు చేసిన సర్వే 2019లో బయటికొచ్చింది, అందులో గంజాయి, భంగు వాడకం ఎక్కువగా ఉన్న రాష్ట్రాలంటే ఉత్తరప్రదేశ్, పంజాబ్, సిక్కిం, ఛత్తీస్‌గఢ్, ఢిల్లీ పేర్లున్నాయి, కేరళ లేదు. కేరళలో కేసు రాస్తారు, అంతే తేడా. మన దగ్గరా ఈగల్ అని స్పెషల్ టీములు వచ్చాయి, ఆంధ్రలో 2024 చివర్లో, తెలంగాణలో 2025లో, ఇంక వచ్చే ఏళ్ళలో కేసులు పెరిగితే అది వాడకం పెరిగినట్టా, టీము పనిచేసినట్టా అని ముందు అడగాలి.

గూగుల్ ఫామ్ మాత్రం వద్దు నాయనా. "మీరు గంజాయి తాగుతారా? దొంగతనం చేశారా?" అని వాట్సాప్ గ్రూపులో లింకు పెడితే నిజం చెప్పేవాడెవడు, నింపేది నీ ఫ్రెండ్సే కదా.

నేనైతే ఏం చేస్తానంటే ఒకే జిల్లా, ఒకే కోర్టు తీసుకుంటా. ఈకోర్ట్స్ సైట్‌లో ఎన్‌డీపీఎస్ కేసుల తీర్పులు దొరుకుతాయి, ఒక రెండేళ్ళవి దించుకుని ఒక్కోటి చదివి, ఎంత సరుకు దొరికింది, సొంతానికా రవాణాకా, ముద్దాయి పనేంటి, ఊరేది, ఇంకే సెక్షన్లు కలిపారు, ఇవి ఒక షీట్‌లో రాసుకుంటా. విసుగు పుట్టే పని, కానీ నువ్వు స్వయంగా తీసిన డేటా, గోల్డ్‌స్టీన్ మూడు పోగుల్లో ఏది మన దగ్గర ఎక్కువుందో దాంట్లోనే తెలిసిపోతుంది. తీర్పుల్లో పోలీసుల వెర్షనే ఎక్కువుంటుంది, అది లిమిటేషన్స్‌లో రాసుకో.

ప్రశ్న: నమస్తే మేడం. నేను పోలీస్ డిపార్ట్‌మెంట్‌లో చేస్తున్నాను, పేరు వద్దు. మేము పట్టుకునే చైన్ స్నాచర్లు, బైక్ దొంగలు, కొట్లాట కేసుల్లో కుర్రోళ్ళు, వీళ్ళలో చాలామంది గంజాయి బ్యాచే. కళ్ళెదురుగా కనపడతావుంటే ఇంకా రీసెర్చ్ ఎందుకండీ? ఏసీ గదుల్లో కూర్చునేవాళ్ళకి ఇవి తెలియవు.
(నర్సీపట్నం దగ్గర్నుంచి)

జవాబు: మీరు చూసింది అబద్ధమని నేనెలా అంటానండీ, రోజూ చూసేది మీరు. కానీ మీరు చూస్తున్నది పట్టుబడినవాళ్ళని. పట్టుబడినవాళ్ళలో ఎంతమంది గంజాయి తాగుతారు అనేది ఒక ప్రశ్న, గంజాయి తాగేవాళ్ళలో ఎంతమంది దొంగతనాలు చేస్తారు అనేది ఇంకో ప్రశ్న, ఈ రెండూ ఒకటే అనుకోవడం వల్లే సగం గందరగోళం. ఇందాక చెప్పిన ఎయిమ్స్ సర్వే ప్రకారం దేశంలో గంజాయి, చరస్, భంగు ఏదో ఒకటి వాడేవాళ్ళు 3 కోట్ల పైన. భంగు తీసేసి చట్టం ఒప్పుకోని గంజాయి, చరస్ మాత్రమే చూసినా కోటికి తగ్గరు. వీళ్ళంతా గొలుసులు లాగుతుంటే మన ఆడవాళ్ళెవరి మెళ్ళోనూ పుస్తెలు మిగలవు.

మీరు చెప్పిన పద్ధతినే అమెరికా వాళ్ళు పెద్ద ఎత్తున చేశారు, తెలుసా. 1987లో మొదలుపెట్టి చాలా ఊళ్ళలో అరెస్టయి వచ్చినవాళ్ళని కొద్ది గంటల్లోనే కూర్చోబెట్టి ప్రశ్నలడిగి మూత్రం శాంపిల్ తీసుకునేవాళ్ళు, తర్వాత దానికి ఆడమ్ అని పేరు పెట్టారు. చాలాచోట్ల సగానికి పైగా పాజిటివ్ వచ్చేది. అయితే అందులో ఒక తంటా ఉంది, రోజూ గంజాయి తాగేవాడికి మానేసి వారాలైనా మూత్రంలో కనపడుతుంది, హెరాయిన్ కొకైన్ అయితే రెండు మూడు రోజులే, మందు గంటల్లో పోతుంది. అంటే మూత్రం పరీక్షలో గంజాయి ఉన్నదానికంటే ఎక్కువగా కనపడుతుంది, మందు కనపడకుండా తప్పించుకుంటుంది. పోయిన నెల పండగదాకా రోజూ తాగి మానేసినవాడు ఈ నెల బైకు ఎత్తుకెళ్తే ఆ బైకుకీ ఆ గంజాయికీ సంబంధం కట్టొచ్చా?

2008లో బెన్నెట్, హాలోవే, ఫారింగ్టన్ అనే ముగ్గురు అప్పటిదాకా వచ్చిన 30 స్టడీలు కలిపి లెక్క తీశారు. ఏదో ఒక డ్రగ్ వాడేవాళ్ళు నేరం చేసే అవకాశం వాడనివాళ్ళకంటే మూడు నాలుగు రెట్లు ఎక్కువ అని వచ్చింది. అంటే మీ అనుభవం కరెక్టే అన్నమాట, లింకు ఉంది. కానీ అదే లెక్కని డ్రగ్‌ని బట్టి విడదీస్తే క్రాక్‌కి ఆరు రెట్లు, హెరాయిన్‌కి మూడు రెట్లు చిల్లర, గంజాయికి ఒకటిన్నర. ఆ ఒకటిన్నరలో కూడా ఎంత గంజాయి వల్ల, ఎంత వయసు వల్ల, ఎంత సావాసాల వల్ల అనేది వేరే లెక్క. పద్దెనిమిదేళ్ళ కుర్రాడికి కొట్లాటలూ ఆ వయసులోనే, సిగరెట్టూ ఆ వయసులోనే, గంజాయీ ఆ వయసులోనే. అమెరికాలో పిల్లల్ని ఏళ్ళ తరబడి వెంటపడి చూసిన సర్వేల్లో చాలామందికి చిల్లర దొంగతనాలు, గొడవలు ముందు మొదలై డ్రగ్స్ తర్వాత వచ్చాయి. మన దగ్గర అలా పదేళ్ళు ఒకే పిల్లల్ని ఫాలో అయ్యే స్టడీకి డబ్బులెవరిస్తారు, రెండేళ్ళ ప్రాజెక్టుకే దిక్కుండదు.

ఇంకో సంగతి, మీరున్న ప్రాంతం కాబట్టి మీకు నాకంటే బాగా తెలుసు. ఏజెన్సీలో పండే శీలావతి గంజాయిని మోసుకుపోయేవాళ్ళలో తాగేవాళ్ళు ఎంతమంది? చింతపల్లి, సీలేరు వైపు నుంచి మూట దించితే ఇంత అని కూలి మాట్లాడుకుని వచ్చేవాళ్ళు, తమిళనాడు, కేరళ, మహారాష్ట్ర బండ్లకి డ్రైవర్లు, వీళ్ళది వాడకం కాదు, జీతం. 20 కిలోలు దాటితే కమర్షియల్ క్వాంటిటీ, నేరం రుజువైతే కనీసం పదేళ్ళు, బెయిల్ కూడా మామూలుగా దొరకదు. మీ ఏపీ పోలీసుల ఆపరేషన్ పరివర్తనలో వేల ఎకరాల్లో మొక్కలు పీకించారు, 2022 ఫిబ్రవరిలో అనకాపల్లి దగ్గర కోడూరులో రెండు లక్షల కిలోలు ఒకేసారి తగలబెట్టారు. ఆ పంటకీ వైజాగ్ బీచ్‌లో కుర్రాళ్ళ కొట్లాటకీ రెండిటికీ గంజాయి కేసులు అనే ఒకటే పేరు పెడితే రీసెర్చ్ ఏం తేలుస్తుంది, మీరైనా ఏం తేలుస్తారు?

ఒక రిక్వెస్టు. మీ స్టేషన్లో దొంగతనం కేసుల్లో పట్టుబడ్డవాళ్ళని అడిగేటప్పుడు "తాగుతావా" అని కాకుండా "మొదటిసారి ఎప్పుడు తాగావు, మొదటి దొంగతనం ఎప్పుడు చేశావు, ఏది ముందు" అని అడిగి పేర్లు లేకుండా ఒక నోట్‌బుక్‌లో రాసుకోండి. ఏడాది తర్వాత ఆ నోట్‌బుక్ ఏసీ గదుల్లో ఉన్నవాళ్ళు వెతుక్కుంటూ వస్తారు.

ప్రశ్న: మా దిక్కు కల్లు దుకాణాలల్ల కల్తీ కల్లు బంద్ వెట్టినప్పుడల్లా జనం ఆగమైతరు, మెడలు వంకర్లు వోతయి, ఫిట్స్ వస్తయి, ఇంట్ల సామాన్లు పగలగొడ్తరు. గసొంటప్పుడు దొంగతనాలు, కొట్లాటలు పెరుగుతయా తగ్గుతయా? ఎవరన్న లెక్క తీసిన్రా?
(నిజామాబాద్ జిల్లా)

జవాబు: అన్నా, ఈ వారం ఉత్తరాల్లో నాకు బాగా నచ్చింది మీది. మీరడిగింది సరిగ్గా రీసెర్చర్లు కాచుకుని కూర్చునే సందర్భం. ఊరు అదే, మనుషులు అవే, పోలీసులు అవే, మారింది ఒక్క సరఫరా మాత్రమే, అలాంటప్పుడు నేరాల లెక్క కదిలితే దాన్ని సరఫరాకి ముడిపెట్టడానికి కాస్త ధైర్యం వస్తుంది.

చెట్లేమో తక్కువ, తాగేవాళ్ళేమో ఎక్కువ, కాబట్టి నీళ్ళల్లో అల్ప్రాజోలం, డైజిపామ్, క్లోరల్ హైడ్రేట్ లాంటి నిద్రమందులు కలిపి అమ్ముతున్నారని తెలంగాణలో ఎన్నో ఏళ్ళుగా నడుస్తున్న కథ. అల్ప్రాజోలం ఒక్కసారిగా ఆపితే మీరు చెప్పిన ఫిట్స్, భ్రమలు అన్నీ వస్తాయి, ప్రాణం కూడా పోవచ్చు. 2015లో గట్టిగా దాడులు చేసినప్పుడు మీ జిల్లాలో, మహబూబ్‌నగర్‌లో ఆస్పత్రులు నిండిపోయాయి. 2020 లాక్‌డౌన్‌లో వైన్ షాపులు, కల్లు దుకాణాలు మూసేసినప్పుడు హైదరాబాద్ ఎర్రగడ్డ ఆస్పత్రి ముందు జనం ఎలా క్యూ కట్టారో అందరం చూశాం. అయితే లాక్‌డౌన్‌తో ఒక చిక్కుంది, అప్పుడు రోడ్ల మీద మనుషులే లేరు కాబట్టి దొంగతనాలు తగ్గితే కల్లు లేక తగ్గాయా, ఇళ్ళకి తాళం వెయ్యక తగ్గాయా చెప్పలేం. 2015 దాడులు ఆ రకంగా మంచి కేసు, ఆ రెండు మూడు నెలల ఎఫ్ఐఆర్‌లు మండలం వారీగా ఆర్టీఐ పెట్టి తీసి, దాడులు జరగని పక్క మండలాలతో పోల్చి చూడాలి. మీకు తెలిసిన పిల్లలెవరైనా పీజీ చదువుతుంటే ఈ పని చెప్పండి.

బయట అలాంటి లెక్క తీశారు. ఆస్ట్రేలియాలో 2001 మొదట్లో ఉన్నట్టుండి హెరాయిన్ దొరకడం ఆగిపోయింది. అందరూ ఏమనుకున్నారంటే ధర పెరిగింది కాబట్టి ఇంక దొంగతనాలు విపరీతంగా పెరుగుతాయని. మొదట్లో కొంచెం పెరిగాయి కూడా, కొంతమంది కొకైన్‌లోకి మారి గొడవలూ చేశారు, కానీ తర్వాత దొంగతనాలు తగ్గుతూ పోయాయి, ఓవర్‌డోస్ చావులైతే బాగా పడిపోయాయి. దొరక్కపోయేసరికి కొందరు మానేశారు, కొందరు ట్రీట్‌మెంట్‌కి వచ్చారు. అయితే అక్కడ హెరాయిన్‌కి బదులుగా మెథడోన్ అనే ట్రీట్‌మెంట్ ఇచ్చే సెంటర్లు అప్పటికే ఉన్నాయి, వచ్చినవాణ్ణి చేర్చుకునే చోటుంది. మన దగ్గర దుకాణం మూస్తారు గానీ పక్కనే మంచం వెయ్యరు, అందుకని అక్కడి రిజల్టు ఇక్కడికి తెచ్చి అతికించకూడదు.

ట్రీట్‌మెంట్ అంటే గుర్తొచ్చింది, బాల్టిమోర్‌లో హెరాయిన్‌కి అలవాటుపడ్డ 243 మంది జీవితాల్ని రీసెర్చర్లు పదేళ్ళకి పైగా కాలానికి లెక్కేసి 1980ల మొదట్లో ఒక పేపర్ రాశారు. బానిసగా ఉన్న కాలంలో ఏడాదికి సగటున 248 రోజులు ఏదో ఒక నేరం చేసేవాళ్ళు. అదే మనుషులు మానేసి ఉన్న కాలంలో 41 రోజులు. ఒకే మనిషిని తనతోనే పోల్చడం కాబట్టి ఇక్కడ సావాసాలు, చదువు, పేదరికం అన్న వంకలు చాలావరకు పోతాయి. హెరాయిన్ విషయంలో అయితే లింకు గట్టిదే అని నేనూ ఒప్పుకుంటా. ఆరోవంతుకి తగ్గింది అంటే చిన్న విషయం కాదు, అలాగని 41 సున్నా కూడా కాదు.

ప్రశ్న: మేడం గారూ, గంజాయి గంజాయి అని అందరూ గోల పెడతారు, మందు సంగతి ఎవరూ ఎత్తరేం? మా వీధిలో పోలీసు జీపు ఎప్పుడొచ్చినా మందు తాగొచ్చి పెళ్ళాన్ని కొట్టినోడి ఇంటికే వస్తుంది. దాన్ని డ్రగ్ అనరా?
(కావలి, నెల్లూరు జిల్లా)

జవాబు: అంటారమ్మా, సైన్సు అంటుంది, గవర్నమెంటు అనదు, ఎందుకంటే దాని మీద ఆదాయం వస్తుంది.

మన దేశంలో మత్తుకీ నేరానికీ లింకు ఎక్కడ స్పష్టంగా కనపడుతుంది అని ఎవరైనా అడిగితే నేను చూపించే మొదటి అంకె ఎన్‌సీఆర్‌బీలో లేదు, కుటుంబ ఆరోగ్య సర్వేలో ఉంది. 2019–21 సర్వేలో భర్త తరచూ తాగొచ్చే ఆడవాళ్ళలో 70 శాతం మంది భర్త చేతిలో దెబ్బలో బలవంతమో అనుభవించామని చెప్పారు, అసలు తాగని భర్తలున్న ఇళ్ళలో అది 23 శాతం. ఈ తేడా ముందు ఆ గంజాయి ఒకటిన్నర రెట్లు ఎంత? ఇవన్నీ నేరాలే, కానీ స్టేషన్‌దాకా రావు కాబట్టి నేరాల పుస్తకంలో ఉండవు, రీసెర్చ్ చేసేవాళ్ళు పుస్తకమే చూస్తారు కాబట్టి వాళ్ళకీ కనపడవు. ఆ 23 కూడా చూడండి, తాగనివాడు కూడా కొడుతున్నాడు, అంటే మందు ఒక్కటే కారణం కాదు.

మీ జిల్లా దూబగుంట ఆడవాళ్ళకి ఈ లెక్కలేవీ అక్కర్లేకపోయింది. 1990ల మొదట్లో రాత్రిబడిలో అక్షరాలు నేర్చుకుంటూ సారా మీద మొదలెట్టిన గొడవ రాష్ట్రమంతా పాకి, 1993లో సారా పోయింది, 1995లో పూర్తి నిషేధం వచ్చింది, 1997లో ఎత్తేశారు. అప్పటి నేరాల లెక్కలు జాగ్రత్తగా తీసి ఉంటే ప్రపంచం మొత్తం చదివే స్టడీ అయ్యేది.

బీహార్‌లో 2016 ఏప్రిల్‌లో పెట్టిన నిషేధం మీద మాత్రం స్టడీలు జరిగాయి. పక్క రాష్ట్రాలతో పోల్చి, భార్యల మీద దెబ్బలు 21 లక్షల కేసుల దాకా తగ్గి ఉంటాయని 2024లో లాన్సెట్ అనే వైద్య పత్రిక కుటుంబానికి చెందిన ఒక జర్నల్లో అంచనా వచ్చింది. అదే బీహార్‌లో 2022 డిసెంబర్‌లో సారణ్‌లో కల్తీ సారా తాగి డజన్ల కొద్దీ జనం పోయారు, బెయిల్ పిటిషన్లతో కోర్టులు మూసుకుపోయాయి, ఈ సంగతి అప్పటి చీఫ్ జస్టిస్ ఎన్.వి. రమణ గారు 2021లో మన విజయవాడలోనే ఒక సభలో అన్నారు. ఇంట్లో నేరం తగ్గి బయట కొత్త నేరం పుట్టింది, గోల్డ్‌స్టీన్ మూడో పోగు అన్నమాట. ఏది బరువు అనేది రీసెర్చ్ చెప్పదు, దెబ్బలు తినేవాళ్ళనే అడగాలి, వాళ్ళయితే నిషేధమే కావాలంటారని నా అనుమానం.

ప్రశ్న: అమ్మా, మా అబ్బాయి ఇంజనీరింగ్ థర్డ్ ఇయర్. గంజాయి తాగుతున్నాడని ఈమధ్యే తెలిసింది. ఇలాంటి వాళ్ళు నేరాల్లోకి పోతారని చదివి నాకు నిద్ర పట్టట్లేదు. పోలీసులకి తెలిస్తే జీవితం పోతుందని వాళ్ళ నాన్నగారు ఆస్పత్రికి కూడా వద్దంటున్నారు.
(గుంటూరు)

జవాబు: పైన చెప్పిన అంకెలు మళ్ళీ చెప్పను గానీ ఎక్కువమంది నేరాల్లోకి పోరమ్మా. వియత్నాం యుద్ధంలో అమెరికా సైనికుల్లో అయిదోవంతు మంది హెరాయిన్‌కి బానిసలైపోయారు, దేశానికి తిరిగొస్తే ఊళ్ళు దోచుకుంటారని భయపడ్డారు. లీ రాబిన్స్ అనే ఆవిడ వాళ్ళని వెతికి పట్టుకుని అడిగితే ఇంటికొచ్చిన మొదటి ఏడాదిలో మళ్ళీ బానిసలైంది 5 శాతం చుట్టుపక్కలే. చోటు మారింది, సావాసం మారింది. అయితే మీవాడు తాగుతున్నాడా, తాగించి డబ్బు చేసుకుంటున్నాడా అనేది మాత్రం చూసుకోండి, కాలేజీల్లో కేసులయ్యేది ఎక్కువగా ఫ్రెండ్స్‌కి తెచ్చిపెట్టేవాళ్ళ మీదే.

ఆస్పత్రి విషయంలో ఆయనది అనవసరపు భయం. ఎన్‌డీపీఎస్ చట్టంలోనే 64ఏ అని సెక్షన్ ఉంది, వాడినందుకు గానీ చిన్న పరిమాణం దగ్గరున్నందుకు గానీ కేసు పడినవాడు తనంతట తాను గుర్తింపున్న సెంటర్లో ట్రీట్‌మెంట్‌కి ఒప్పుకుంటే ప్రాసిక్యూషన్ నుంచి రక్షణ ఉంటుంది, మధ్యలో మానేస్తే ఆ రక్షణ పోవచ్చు. గంజాయికి చిన్న పరిమాణం అంటే కిలో లోపు. కేసే లేనివాడు డాక్టర్ దగ్గరకెళ్తే ఇంకేం భయం? 14446 టోల్‌ఫ్రీ నంబర్, మత్తు మానిపించే దానికే పెట్టింది, ముందు మీరు ఫోన్ చేసి మాట్లాడండి, అబ్బాయిని తర్వాత మాట్లాడిద్దురు.

ప్రశ్న: మేడం, నేను ఎం.ఎస్.డబ్ల్యూ. చేస్తున్నాను. జైల్లో ఉన్న మత్తు అలవాటున్నవాళ్ళని ఇంటర్వ్యూ చెయ్యాలని ఉంది. వాళ్ళు నిజం చెప్తారా? చెప్తే నాకేమైనా ఇబ్బంది వస్తుందా?
(తిరుపతి)

జవాబు: రెండో ప్రశ్న ముందు చూద్దాం, ఎందుకంటే దాన్ని ఎవరూ అడగరు, నువ్వడిగావు, సంతోషం. అమెరికాలో ఇలాంటి రీసెర్చ్ చేసేవాళ్ళకి గవర్నమెంటే ఒక సర్టిఫికెట్ ఇస్తుంది, దాని బలంతో కోర్టు అడిగినా పేర్లు చెప్పనక్కర్లేదు. మనకి అలాంటిదేం లేదు. లాయర్‌కి క్లయింటు చెప్పిన మాటకి ఉన్న రక్షణ నీ నోట్స్‌కి ఉండదు. అందుకని నీ దగ్గర లేనిది ఎవరూ లాక్కోలేరు అనే పద్ధతిలో పనిచెయ్యి. పేరు రాయకు, వాయిస్ రికార్డింగ్ అవసరం లేకపోతే వద్దు, "ఫలానా తారీఖున ఫలానా చోట ఏం చేశావు" అని అడగకు. "ఆ ఏడాది నెలకి ఎన్నిసార్లు" అని అడిగితే నీ లెక్కకి చాలు. ఎవరైనా ఉత్సాహంగా వివరాలు చెప్పబోతే నువ్వే ఆపాలి, అది ముందే చెప్పి ఇంటర్వ్యూ మొదలుపెట్టు. జైల్లో ఉన్నవాళ్ళలో నలుగురిలో ముగ్గురు ఇంకా విచారణ ఖైదీలే, అంటే కేసు తేలనివాళ్ళు, వాళ్ళు నీతో అన్నమాట వాళ్ళ మెడకే చుట్టుకోవచ్చు. శిక్ష పడినవాళ్ళతో చేస్తే ఆ బెడద తక్కువ.

నిజం చెప్తారా అంటే అడిగే తీరు మీద ఉంటుంది. పక్కన వార్డర్ నిలబడి ఉంటే చెప్పరు. ఇంకోటి, జైల్లో చాలామంది "గంజాయి మత్తులో చేశానమ్మా, నాకేం తెలీదు" అంటారు, అది నిజమైనా కాకపోయినా చెప్పుకోవడానికి వీలైన కారణం, తప్పు తనది కాకుండా పోతుంది. దీన్ని అలాగే రాసుకొచ్చి మత్తు వల్ల నేరం అని తేల్చేసిన పేపర్లు బోలెడు. ఏళ్ళవారీగా ఒక చార్టు గీసుకుని, బడి ఎప్పుడు మానేశాడు, నాన్న ఎప్పుడు పోయాడు, పెళ్ళెప్పుడైంది, మొదటి గుక్క ఎప్పుడు, మొదటి కేసు ఎప్పుడు అని అతనితోనే కలిసి నింపించు. తారీఖులు గుర్తుండవు గానీ సంక్రాంతికి ముందా తర్వాతా, చెల్లి పెళ్ళికి ముందా తర్వాతా అంటే గుర్తొస్తాయి, ఏది ముందు ఏది వెనక అనేది అక్కడే బయటపడుతుంది.

మీ యూనివర్సిటీ ఎథిక్స్ కమిటీ అనుమతి ముందు తీసుకో, ఐసీఎంఆర్ (వైద్య పరిశోధన మండలి) 2017 గైడ్‌లైన్స్‌లో ఖైదీలని ప్రత్యేకంగా కాపాడాల్సినవాళ్ళ కింద పెట్టారు కాబట్టి కమిటీ గట్టిగానే అడుగుతుంది. తర్వాత జైళ్ళ శాఖ పర్మిషన్, అది ఎప్పటికొస్తుందో వాళ్ళకే తెలియాలి. అది వచ్చేలోపు ఊరికే కూర్చోకుండా డీఅడిక్షన్ సెంటర్‌లో ట్రీట్‌మెంట్ తీసుకుంటున్నవాళ్ళతో అవే ప్రశ్నలు అడగడం మొదలుపెట్టు, వాళ్ళలో మత్తు అలవాటుండి ఒక్క కేసు కూడా లేనివాళ్ళు ఉంటారు, జైల్లో వాళ్ళు నీకు దొరకరు.